బ్రిడ్జి పికప్ మార్చే ముందు
(గిటార్ వాయించే మన హాస్టల్ మిత్రుల కోసం)



వార్షికోత్సవ సంచిక అనగానే పోటీ పరీక్షలు, స్కాలర్‌షిప్‌లు, మహనీయుల జీవితాలు గుర్తుకొస్తాయి. అవి ఉండవలసిందే. అయితే మన హాస్టళ్ళలో చదివినవాళ్ళలో పాటగాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు, కీబోర్డు, గిటార్ వాయించేవాళ్ళు కూడా తక్కువేమీ కాదు. ఆదివారం చర్చిలో, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభలో, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రా స్టేజి మీద మనవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. కొందరికి అది సరదా, కొందరికి ఫీజు కట్టుకునే ఆధారం. అందుకే ఈసారి వాళ్ళకు పనికొచ్చే ఒక విషయం రాస్తున్నాం.

మాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది: "అన్నా, ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. బ్రిడ్జి పికప్ పెడితే చెవిలో సూది గుచ్చినట్టు ఉంది. కొత్త పికప్ వేయిద్దామనుకుంటున్నాను, ఏది కొనమంటావు?" పేరున్న కంపెనీ పికప్ ఒక్కదాని ఖరీదు చవక గిటార్ ధరకు దగ్గరగా వస్తుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు అది. షాపులో ఒకసారి ప్యాకెట్ విప్పి సోల్డర్ పెట్టాక వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు. కాబట్టి ఏది కొనాలి అనే ప్రశ్నకన్నా ముందు, అసలు కొనాలా అనే ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి. ఆ వరుసలోనే చెబుతాం.

పికప్ ఎలా పనిచేస్తుంది?

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ఉంటుంది. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుందని మైఖేల్ ఫారడే 1831లో కనిపెట్టాడు. గిటార్ పికప్‌లో జరిగేది అక్షరాలా అదే. లోపల అయస్కాంతాలు ఉంటాయి. వాటి చుట్టూ వెంట్రుక మందం ఉండే రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైన ఉన్న ఉక్కు తీగ అయస్కాంత ప్రభావానికి లోనై ఉంటుంది. మనం మీటగానే అది కదులుతుంది, అభివాహం మారుతుంది, చుట్టలో చిన్న వోల్టేజి పుడుతుంది. దాన్ని యాంప్లిఫైయర్ పెద్దది చేస్తుంది. గాలిలోని శబ్దాన్ని పట్టే మైకుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. నైలాన్ తీగల గిటార్‌కు ఇలాంటి పికప్ పెడితే ఏమీ వినబడకపోవడానికి కారణం కూడా ఇదే. నైలాన్ అయస్కాంతానికి స్పందించదు కదా! వాటికి పీజో అనే వేరే రకం పికప్ వాడతారు.

1931లో అమెరికాలో జార్జి బోషాంప్ గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతాలతో గిటార్ పికప్ చేశాడు. రికెన్‌బ్యాకర్ కంపెనీ దానితో గిటార్లు అమ్మింది. ఈ పరికరం ఒక వాద్యాన్ని ఎంత మార్చగలదో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద. మామూలు మాండొలిన్‌లో నాదం మీటగానే తరిగిపోతుంది, గమకం పలికేంత సేపు నిలబడదు. పికప్, యాంప్లిఫైయర్ తోడైతే ఆ నాదం నిలిచింది, గమకం పలికింది. 2014లో ఆయన వెళ్ళిపోయారు గానీ ఆ వాద్యం ఇప్పుడు కచేరీ వాద్యంగా నిలిచిపోయింది.

బ్రిడ్జి పికప్ మీదే ఎందుకన్ని ఫిర్యాదులు?

గిటార్‌లో తీగలు బాడీ మీద ఆనుకునే లోహపు భాగాన్ని బ్రిడ్జి అంటారు. వీణలో మనం గుర్రం అనేది ఇదే. బ్రిడ్జి దగ్గర తీగ కొద్దిగానే ఊగుతుంది, మధ్యలో ఎక్కువ ఊగుతుంది. బట్టలు ఆరేసే దండెం కొయ్య దగ్గర ఎంత కదులుతుందో, మధ్యలో ఎంత కదులుతుందో చూసినవాళ్ళకు ఇది తేలికగా అర్థమవుతుంది. పైగా బ్రిడ్జి దగ్గర మూల స్వరం బలం తక్కువ, దానిమీద పలికే అనుస్వరాల బలం ఎక్కువ. అందువల్ల అక్కడి పికప్ ధ్వని సన్నగా, పదునుగా ఉంటుంది. మెడ దగ్గరి పికప్ ధ్వని గుండ్రంగా, మెత్తగా ఉంటుంది.

ఆ పదును లోపం కాదు. పదిమంది వాయిస్తున్నప్పుడు సోలో బిట్ వినబడాలంటే ఆ పదునే కావాలి. అది హద్దు దాటినప్పుడే ఇబ్బంది. బ్రిడ్జి దగ్గర తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి ఇప్పటి కంపెనీలు అక్కడి పికప్‌కు కొన్ని చుట్లు ఎక్కువ చుట్టి సరిచేస్తాయి. చవక గిటార్లలో చాలావాటికి మూడు చోట్లా ఒకే పికప్ పెట్టేస్తారు. ఫిర్యాదులు అక్కడ మొదలవుతాయి.

పైసా ఖర్చు లేని ఐదు పరీక్షలు

కొత్తది కొనే ముందు ఈ ఐదూ చేయండి. సగం మందికి ఇక్కడే పని అయిపోతుంది.

1. తీగలు: తుప్పు పట్టిన తీగలతో ఏ పికప్పూ బాగా పలకదు. పాతవి ఉంటే ముందు మార్చండి. మరీ కొత్తవైతే వారం రోజులు వాయించి అప్పుడు వినండి. కొత్త తీగల గరగర కొంత తగ్గుతుంది.

2. పికప్ ఎత్తు: పికప్‌కు రెండు వైపులా స్క్రూలు ఉంటాయి. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పికప్ పైభాగానికి దూరం కొలవండి. సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి అర మలుపు చొప్పున తిప్పుతూ వినండి. ధ్వని గుచ్చుతుంటే సన్న తీగల వైపు కొంచెం దించండి. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి శ్రుతి కూడా చెడగొడుతుంది. దీనికి కావలసింది స్క్రూ డ్రైవర్ ఒక్కటే.

3. కేబుల్: పది మీటర్ల నాసిరకం కేబుల్ ధ్వనిని మొద్దుబారుస్తుంది, తెగిన షీల్డు గుయ్యిమని మోత పెడుతుంది. స్నేహితుడి మంచి కేబుల్ ఒక పూట అడిగి తెచ్చి పోల్చి చూడండి. యాంప్ కూడా వేరేది దొరికితే అదీ మార్చి చూడండి.

4. టోన్ వైరు: ఇది చాలామందికి తెలియని సంగతి. మూడు సింగిల్ కాయిల్స్ ఉండే స్ట్రాటోకాస్టర్ నమూనా గిటార్లలో, పాత పద్ధతి వైరింగ్ అయితే, రెండు టోన్ నాబ్‌లలో ఒకటి మెడ పికప్‌కు, రెండోది మధ్య పికప్‌కు ఉంటాయి. బ్రిడ్జి పికప్‌కు టోన్ ఉండదు! గుచ్చే పికప్‌కే పదును తగ్గించే దారి లేకుండా పోయిందన్నమాట. స్విచ్ మీద మధ్య పికప్ టోన్‌కు వెళ్ళే కాలు నుంచి పక్కనే ఉన్న బ్రిడ్జి కాలుకు చిన్న వైరు ముక్క సోల్డర్ చేస్తే రెండో నాబ్ బ్రిడ్జికి కూడా పనిచేస్తుంది. నాబ్ 10 నుంచి 7కో 6కో దించి వినండి. కొత్త పికప్ వేసినట్టే ఉంటుంది.

5. మల్టీమీటర్: కేబుల్ ఒక చివర గిటార్‌కు గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెట్టి, రెండో చివర జాక్ మొనకూ ఒంటికీ మధ్య నిరోధం కొలవండి. స్విచ్ బ్రిడ్జి వైపు ఉండాలి. 5 నుంచి 16 కిలో ఓమ్‌ల మధ్య ఏదైనా చూపిస్తే కాయిల్ బతికే ఉంది. 200 కిలో ఓమ్‌లు దాటితే కాయిల్ ఎక్కడో తెగింది, మీటరుకు కనిపిస్తున్నది వాల్యూమ్ కంట్రోల్ నిరోధమే. సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్ అయింది. ముందు అతుకులు చూడండి. అతుకులు బాగుండి కూడా కాయిల్ తెగినట్టే చూపిస్తే పికప్ మార్చక తప్పదు.

ఇవన్నీ అయ్యాక కూడా ధ్వని నచ్చకపోతే, లేదా పికప్ నిజంగానే పోయి ఉంటే, అప్పుడు కొనే సంగతి.

సింగిల్ కాయిలా, హంబకరా?

ప్రధానంగా ఉన్నవి రెండు కుటుంబాలు. ఒకే చుట్ట ఉండేది సింగిల్ కాయిల్. 1950లో వచ్చిన ఫెండర్ ఎస్క్వైర్, బ్రాడ్‌కాస్టర్ గిటార్లలో, 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లో ఉన్నవి ఇవే. ధ్వని స్పష్టంగా, గంట కొట్టినట్టు ఉంటుంది. లోపం ఏమిటంటే, ఇది తీగల కదలికతో పాటు చుట్టుపక్కల కరెంటు మోతనూ పట్టేస్తుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్ చోకు, సీరియల్ సెట్లు, పందిరి వెనక జనరేటర్ — వీటి మధ్య సింగిల్ కాయిల్ పెడితే గుయ్యిమనే మోత తప్పదు. లోపల రాగి రేకు అంటిస్తే గరగర తగ్గుతుంది గానీ, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే ఆ అసలు గుయ్యి మాత్రం పోదు.

ఈ మోతకు విరుగుడుగా గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ రెండు చుట్టలు పక్కపక్కన పెట్టాడు. ఒకదాని అయస్కాంత ధ్రువం ఉత్తరం పైకి, రెండోదాని దక్షిణం పైకి. చుట్టిన దిశ కూడా ఒకదానికొకటి ఎదురు. బయటి నుంచి వచ్చే మోత రెండిట్లో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగ ధ్వనికి మాత్రం అయస్కాంతమూ దిశా రెండూ తిరగబడ్డాయి కాబట్టి రెండూ కలిసి బలపడతాయి. హమ్‌ను అణచేది కనుక దానికి హంబకర్ అని పేరు. 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1957లో గిటార్లలో పెట్టారు, 1959లో పేటెంటు వచ్చింది. హంబకర్ ధ్వని దళసరిగా, బలంగా ఉంటుంది. సింగిల్ కాయిల్ గలగల కొంత తగ్గుతుంది.

పాత రోజుల్లో పికప్ మార్చాలంటే వేరే గిటార్ నుంచి పీకి పెట్టుకోవడమే. మార్చుకోవడానికని ప్రత్యేకంగా తయారుచేసి అమ్మిన పికప్‌లలో తొలిదిగా 1972లో లారీ డిమార్జియో తెచ్చిన సూపర్ డిస్టార్షన్‌ను చెబుతారు. 1976లో సీమోర్ డంకన్ కంపెనీ పెట్టారు. ఎడ్డీ వాన్ హాలెన్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1962లో నెదర్లాండ్స్ నుంచి అమెరికాకు వలస వెళ్ళిన కుటుంబం వాళ్ళది. అతను స్ట్రాటోకాస్టర్ ఆకారపు సెకండ్స్ బాడీ ఒకటి, మెడ ఒకటి చవకగా కొని, గిబ్సన్ గిటార్ నుంచి పీకిన హంబకర్‌ను బ్రిడ్జి దగ్గర బిగించాడు. 1978లో వచ్చిన వాన్ హాలెన్ తొలి ఆల్బమ్‌తో ఆ గిటార్ పేరు మారుమోగింది. ఇప్పుడు షాపుల్లో రెండు సింగిల్ కాయిల్స్, బ్రిడ్జి దగ్గర ఒక హంబకర్ ఉండే గిటార్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి.

వీటి మధ్య ఇంకో రకం ఉంది. సింగిల్ కాయిల్ సైజులోనే రెండు సన్నని చుట్టలు పెట్టి చేసిన చిన్న హంబకర్. బాడీ చెక్కకుండా, పై ప్లాస్టిక్ ప్లేటు కోయకుండా పాత పికప్ చోటులోనే పడుతుంది. మోత బాధ ఉన్న చోట వాయించేవాళ్ళకు ఇది మంచి దారి.

బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు కూడా ఉన్నాయి. వాటికి 9 వోల్టుల బ్యాటరీ పెట్టే చోటు కావాలి, వాల్యూమ్ కంట్రోళ్ళు కూడా వేరే విలువవి, సాధారణంగా 25 కిలో ఓమ్‌లవి, వేయాలి. భారీ మెటల్ సంగీతం వాయించేవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు ఆ ఖర్చు అవసరం లేదని మా అభిప్రాయం.

ఓమ్‌లు ఎక్కువైతే మంచిదా?

ప్యాకెట్ మీద కిలో ఓమ్‌ల లెక్క రాస్తారు. 6 కన్నా 8, 8 కన్నా 16 మంచిదనుకుని కొనేవాళ్ళు ఉన్నారు. ఇది పరీక్షలో మార్కుల లాంటిది కాదు.

లెక్క వేసి చూద్దాం. పికప్‌లలో ఎక్కువగా వాడే 42 గేజి రాగి తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. దాని నిరోధం మీటరుకు సుమారు 5.4 ఓమ్‌లు. 6 కిలో ఓమ్‌ల పికప్ అంటే 6000ను 5.4తో భాగించండి. సుమారు 1100 మీటర్లు, అంటే కిలోమీటరు పైన తీగ ఆ చిన్న ముక్కలో ఉందన్నమాట. ఇప్పుడు అదే పొడవు, అవే చుట్లు, కానీ ఇంకా సన్నదైన 43 గేజి తీగతో చుట్టారనుకోండి. దాని నిరోధం మీటరుకు సుమారు 7 ఓమ్‌లు. మీటరు 7.5 కిలో ఓమ్‌ల పైన చూపిస్తుంది. చుట్లు పెరగలేదు, అయస్కాంతం మారలేదు, ధ్వని బలం పెరగలేదు. పెరిగింది నిరోధం మాత్రమే!

ఒకే రకం తీగ, ఒకే రకం అయస్కాంతం ఉన్న రెండు పికప్‌లను పోల్చడానికి ఓమ్‌లు పనికొస్తాయి. అలాంటప్పుడు ఓమ్‌లు ఎక్కువంటే చుట్లు ఎక్కువ. చుట్లు పెరిగితే ధ్వని బలం పెరుగుతుంది, దానితో పాటు స్వయం ప్రేరకత్వం పెరిగి పైస్థాయి గలగల తగ్గుతుంది. మీ ఫిర్యాదు "గుచ్చుతోంది, సన్నగా ఉంది" అయితే కొంచెం ఎక్కువ చుట్లది కోరుకోండి. "మొద్దుగా ఉంది, మాట స్పష్టంగా లేదు" అయితే తక్కువ చుట్లది చూడండి.

అయస్కాంతాలలో అల్నికో, సెరామిక్ అని రెండు ముఖ్యం. అల్యూమినియం, నికెల్, కోబాల్టు, ఇనుము కలిపినది అల్నికో. అందులో నంబర్లు ఉన్నాయి. అల్నికో 2 మెత్తగా, అల్నికో 5 గట్టిగా, మెరుపుగా పలుకుతుందని వాద్యకారుల అనుభవం. సెరామిక్ చవకైనది, బలమైనది. చవక గిటార్లలో అడుగున సెరామిక్ కడ్డీ అంటించి ఉంటుంది కాబట్టి సెరామిక్ అంటేనే నాసిరకం అనుకుంటారు. అది పొరపాటు. పైన చెప్పిన సూపర్ డిస్టార్షన్‌లో ఉన్నది సెరామిక్ అయస్కాంతమే.

మన గిటార్‌లో పడుతుందా?

కొనే ముందు నాలుగు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

మొదటిది చోటు. పై ప్లాస్టిక్ ప్లేటు స్క్రూలు విప్పి చూడండి. కింద కొయ్యలో హంబకర్ పట్టేంత గొయ్యి కొన్ని గిటార్లలో ముందే చెక్కి ఉంటుంది. లేకపోతే సింగిల్ సైజు మాత్రమే చూడండి. ఉలితో సొంతంగా కొయ్య చెక్కే పని పెట్టుకోకండి.

రెండోది తీగల మధ్య దూరం. బ్రిడ్జి పికప్ పైన మొదటి తీగ మధ్య నుంచి ఆరో తీగ మధ్య వరకు కొలవండి. ఫెండర్ తరహావాటిలో సుమారు 52 మిల్లీమీటర్లు, గిబ్సన్ తరహావాటిలో 49 నుంచి 50 ఉంటుంది. హంబకర్ రెండు వెడల్పుల్లో దొరుకుతుంది, మీ కొలతకు సరిపడేది అడగండి.

మూడోది కంట్రోళ్ళ విలువ. సింగిల్ కాయిల్స్‌కు మామూలుగా 250 కిలో ఓమ్‌లవి, హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లవి వేస్తారు. 250 వేస్తే పదును కొంత తగ్గుతుంది, 500 వేస్తే పదును మిగులుతుంది. హంబకర్ వేశాక మొద్దుగా ఉందంటే తప్పు పికప్‌ది కాకపోవచ్చు, వాల్యూమ్ కంట్రోల్ విలువ చూడండి.

నాలుగోది దిశ. కొత్త పికప్ దిశ పాతవాటికి ఎదురుగా ఉంటే, రెండూ కలిపి పెట్టినప్పుడు ధ్వని డబ్బా మోగినట్టు బోలుగా వస్తుంది. ముల్లు ఉండే పాత రకం మల్టీమీటర్ పికప్ వైర్లకు కలిపి, స్క్రూ డ్రైవర్ మొనను పికప్ మీద ఆనించి గబుక్కున లాగండి. ముల్లు ఒక వైపు కొడుతుంది. అన్ని పికప్‌లకూ ఒకే వైపు కొట్టాలి. ఎదురుగా కొడితే ఆ పికప్ రెండు వైర్లు తారుమారు చేస్తే చాలు. లోహపు మూత, అడుగు ప్లేటు ఉన్నవాటికి మాత్రం ఇది తెలిసినవాళ్ళతో చేయించండి, ఎందుకంటే ఆ లోహం కూడా ఒక వైరుకు కలిసి ఉంటుంది.

ఎవరికి ఏది?

చర్చిలో కీబోర్డు, గాయకుల వెనక కార్డ్స్ వాయించేవాళ్ళకు స్పష్టత ముఖ్యం. మోత పెద్దగా లేకపోతే కొంచెం ఎక్కువ చుట్లున్న అల్నికో సింగిల్ కాయిల్ చాలు. క్రిస్మస్ సీరియల్ లైట్ల మధ్య మోత భరించలేకపోతే సింగిల్ సైజు హంబకర్.

పెళ్ళి ఆర్కెస్ట్రాలో ఒక పాటకు మెలోడీ, మరో పాటకు డిస్టార్షన్ సోలో కావాలి. బ్రిడ్జి దగ్గర మధ్యరకం బలమున్న హంబకర్, 8 నుంచి 9 కిలో ఓమ్‌ల అల్నికో 5 లాంటిది, అన్నిటికీ సర్దుకుంటుంది. నాలుగు వైర్ల హంబకర్ అయితే చిన్న స్విచ్‌తో ఒక కాయిల్‌ను ఆపి సింగిల్ కాయిల్ ధ్వని కూడా తెచ్చుకోవచ్చు. అప్పుడు మోత తిరిగి వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

రాక్ బ్యాండ్ పెట్టుకున్న ఇంజినీరింగ్ తమ్ముళ్ళకు ఎక్కువ బలమున్న హంబకర్ బాగుంటుంది. అయితే డిస్టార్షన్ అసలు వచ్చేది యాంప్ నుంచి, పెడల్ నుంచి. చిన్న ప్రాక్టీసు యాంప్‌కు అతి బలమైన పికప్ కలిపితే అంతా కలగాపులగంగా వినిపిస్తుంది.

గిటార్ మెడ వంగి ఉంటే, ట్యూనింగ్ కీలు నిలబడకపోతే, ఆ డబ్బు ముందు వాటికి పెట్టండి. శ్రుతి నిలవని గిటార్‌కు ఎంత ఖరీదైన పికప్ వేసినా అపశ్రుతే పెద్దగా వినిపిస్తుంది.

సోల్డరింగ్, ఎర్తింగ్

ఐ.టి.ఐ. చదివిన మిత్రులకు ఇది పది నిమిషాల పని. పాత వైరింగ్‌ను విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి లేదా కాగితం మీద బొమ్మ గీసుకోండి. 25 నుంచి 40 వాట్ల ఐరన్ చాలు. తీగలు వదులు చేసి, గిటార్ మీద పాత తువాలు కప్పి పని చేయండి. పీకిన పాత పికప్‌ను పారేయకండి. కొత్తది నచ్చకపోతే అదే దిక్కు.

నాలుగు వైర్ల హంబకర్లలో రంగుల అర్థం కంపెనీకొకటి. సీమోర్ డంకన్‌లో నలుపు వైరు సిగ్నల్, తెలుపు ఎరుపు ఒకదానికొకటి కలపాలి, ఆకుపచ్చ, పై తొడుగు లేని వైరు గ్రౌండుకు. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్, నలుపు తెలుపు ఒకదానికొకటి, ఆకుపచ్చ, తొడుగు లేని వైరు గ్రౌండుకు. మిగతా కంపెనీలకు డబ్బాలో వచ్చే కాగితం చూడండి, ఊహించి కలపకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. గిటార్ లోపలి నుంచి బ్రిడ్జికి ఒక గ్రౌండు వైరు వెళుతుంది. దానివల్ల మోత తగ్గుతుంది. అదే వైరు వల్ల మీ చేతిలోని తీగలు నేరుగా యాంప్ బాడీకి కలిసి ఉంటాయి. యాంప్‌కు సరైన ఎర్తింగ్ లేకుండా, లోపల లీకేజి ఉంటే, తీగలు ఒక చేతిలో, మైకు పెదాల దగ్గర ఉన్నప్పుడు కరెంటు మీ ఒంట్లోంచి పోతుంది. 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్తింగ్ లేని మైకును ముట్టుకుని స్టేజి మీదే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మన ఊళ్ళలో పందిరి కింద మూడు పిన్నుల ప్లగ్గు పిన్ను విరిచి వాడడం, ఉత్త వైర్లను సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు బిగించడం మీరంతా చూసే ఉంటారు. మైకు తగలగానే జివ్వుమంటే వెంటనే ఆపేసి ఎర్తింగ్ చూడమని అడగండి. పాట కోసం వచ్చినవాళ్ళు పది నిమిషాలు ఆగుతారు. అలాగే సోల్డరింగ్ చేశాక ఆ బ్రిడ్జి గ్రౌండు వైరు ఊడిపోలేదని మల్టీమీటర్‌తో చూసి మూత బిగించండి.

చివరగా

ఎలక్ట్రిక్ గిటార్లకు ప్రపంచమంతా పేరు తెచ్చిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. ఆయన రేడియో రిపేరు షాపు నడిపినవాడు. ఆ ఫ్యాక్టరీలో 1956లో చేరిన ఆబిగైల్ ఇబారా అనే మెక్సికన్ మూలాలున్న కార్మికురాలు యాభై ఏళ్ళకు పైగా పికప్‌లు చుట్టి 2013లో రిటైరయ్యారు. ఆమె చేత్తో చుట్టి సంతకం పెట్టిన పికప్‌ల కోసం పేరున్న వాద్యకారులు వెతుక్కుంటారు. రేడియో విప్పడం తెలిసిన చెయ్యి, తీగ చుట్టడం తెలిసిన చెయ్యి ఈ వాద్యానికి గొంతు ఇచ్చాయి. అలాంటి చేతులు మన హాస్టళ్ళలో ఎన్నో ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్న తమ్ముడూ, ఫిజిక్స్ ల్యాబ్‌లో కాయిల్ చుట్టిన చెల్లీ, గిటార్ వాయించడం మీకు రాకపోయినా పక్క గదిలో వాయించే స్నేహితుడి గిటార్ విప్పి చూసే ధైర్యం తెచ్చుకోండి. ఇద్దరూ కూర్చుంటే షాపువాడి మాట మీద ఆధారపడే అవసరం సగం తగ్గుతుంది.

మొదట ఎత్తు సరిచేయండి, టోన్ వైరు కలపండి, మీటరు పెట్టి చూడండి. ఆ తర్వాతే డబ్బు తీయండి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీ చర్చిలో, మీ పేటలో, జయంతి సభలో మీ గిటార్ స్పష్టంగా, శ్రుతిలో, ఎవరికీ షాక్ కొట్టకుండా మోగాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థులు